ఇంటికెళ్లి రక్తం శాంపిల్ తీయడం ఎలా: బ్యాగు సర్దడం నుంచి ల్యాబులో అప్పగించేదాకా

డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదివి, ఏదో ఒక ల్యాబులో హోమ్ కలెక్షన్‌కి కొత్తగా చేరినవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. గుచ్చడం మీరు ట్రైనింగులోనే నేర్చుకుని ఉంటారు. కాకపోతే ఆసుపత్రిలో పక్కన సీనియర్ ఉంటారు, ట్యూబు తక్కువైతే అల్మరాలో ఇంకోటి ఉంటుంది, ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే డాక్టరు పక్క గదిలోనే ఉంటారు. పేషెంటు ఇంట్లో ఇవేవీ ఉండవు. తీసిన శాంపిల్ కూడా వెంటనే మెషీన్ ఎక్కదు, గంటా రెండు గంటలు మీ బండి మీద తిరుగుతుంది.

ఈ పనిలో ఒక చిక్కు ఉంది. మనం చేసిన తప్పు రిపోర్టులో మన తప్పుగా కనిపించదు, పేషెంటుకు జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. సిరంజి బలంగా లాగితే పొటాషియం పెరిగినట్టు వస్తుంది. పర్పుల్ రంగు మూత ఉన్న ట్యూబును తలకిందులు చేస్తూ సరిగా కలపకపోతే ప్లేట్‌లెట్లు పడిపోయినట్టు వస్తుంది. అందుకే ప్రతి దశలోనూ ఎలా చేయాలో చెప్పడంతో పాటు, తేడా వస్తే రిపోర్టు ఎటు తప్పుతుందో కూడా చెబుతాం.

ముందురోజు రాత్రి

మొదటి ఇల్లు ఉదయం ఆరింటికే ఉంటుంది కాబట్టి బ్యాగు రాత్రే సర్దుకోండి. వాక్యూమ్ ట్యూబులు (లోపల గాలి తీసేసి ఉండటంతో రక్తాన్ని వాటంతటవే లాగేవి) ప్రతి మూత రంగులో బుకింగుల లెక్కకు మించి కనీసం రెండు ఎక్కువ పెట్టుకోండి. 21, 22 గేజ్ సూదులు, వాటి హోల్డర్లు, 23 గేజ్ బటర్‌ఫ్లైలు (సన్నని గొట్టం ఉన్న రెక్కల సూదులు), 5 మి.లీ., 10 మి.లీ. సిరంజిలు, స్పిరిట్ స్వాబులు, పొడి గాజుగుడ్డ ముక్కలు, పేపర్ టేపు, రెండు టార్నికెట్లు (చేతికి బిగించి కట్టే పట్టీలు), గ్లవ్స్, చేతులకు శానిటైజర్, కింద పరవడానికి ఒక ప్లాస్టిక్ షీటు, యూరిన్ డబ్బాలు ఉండాలి. సూదులు వేసే గట్టి తెల్ల డబ్బా, ఎర్ర కవరు, పసుపు కవరు లేకుండా గడప దాటకండి.

ట్యూబుల మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి. తేదీ దాటిన ట్యూబు పాడైనట్టు పైకి కనిపించదు, లోపల వాక్యూమ్ మాత్రం తగ్గిపోయి ఉంటుంది. రక్తం సగంలోనే ఆగిపోతే నరం (రక్తం తీసే సిర) జారిందనుకుని మీరు సూదిని కదుపుతారు, పేషెంటుకు నొప్పి తప్ప ఫలితం ఉండదు. చాలా ట్యూబులను 4 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలని వాటి పెట్టె మీదే రాసి ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బండి డిక్కీలో రోజంతా వదిలేసిన ట్యూబులు తేదీ ఉన్నా నమ్మదగ్గవి కావు.

రాత్రే పేషెంటుకు ఒక ఫోన్ చేయండి. రెండు నిమిషాల ఆ ఫోను మర్నాటి తిరుగుళ్లు తప్పిస్తుంది. ఫాస్టింగ్ షుగర్‌కి కనీసం 8 గంటలు, కొవ్వు పరీక్షలు కూడా ఉంటే 10 నుంచి 12 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగొచ్చు, తాగమనే చెప్పండి, నరం తేలిగ్గా దొరుకుతుంది. పరగడుపు అంటే టిఫిన్ మానేయడమే అనుకుని కాఫీ తాగేసేవాళ్లు చాలామంది. అందుకే "కాఫీ, టీ కూడా వద్దండీ, చక్కెర లేకపోయినా వద్దు" అని విడమరిచి చెప్పండి. అతిగా పస్తుండటమూ మంచిది కాదు. ముందురోజు ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్లకు ట్రైగ్లిజరైడ్లు, బైలిరుబిన్ మామూలుగా ఉండవు. అలాంటివాళ్లకు ఒకరోజు వాయిదా వేయడమే మేలు.

మాత్రల సంగతీ అప్పుడే తేల్చుకోండి. థైరాయిడ్ మాత్ర శాంపిల్ ఇచ్చాక వేసుకోమనండి. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా కనిపిస్తుంది. షుగర్ మాత్ర, ఇన్సులిన్ కూడా శాంపిల్ ఇచ్చి, టిఫిన్ దగ్గర పెట్టుకున్నాకే. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నారేమో ప్రత్యేకంగా అడగండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. దాంతో లేని హైపర్‌థైరాయిడ్ ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. వాడుతుంటే ల్యాబుకి చెప్పండి, ఎన్ని రోజులు ఆపాలో వాళ్లో డాక్టరో చెబుతారు. బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర ఆపమని మాత్రం మీరెప్పుడూ సొంతంగా చెప్పకండి.

తిన్నాక చేసే షుగర్ పరీక్షకు రెండు గంటలు లెక్కపెట్టేది మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు.

పేరు సరిచూసుకోవడం

"లక్ష్మిగారేనా అండీ?" అని అడిగితే ఎవరైనా "ఆఁ" అనేస్తారు. చెవి సరిగా వినబడని పెద్దవాళ్లయితే మరీనూ. "మీ పూర్తి పేరు చెప్పండమ్మా, వయసెంత?" అని అడగండి. వాళ్లు చెప్పింది మీ బుకింగుతో కలవాలి. పేరు ఒక్కటే చాలదు. వయసో, పుట్టిన తేదీయో, బుకింగు నంబరో రెండో ఆనవాలుగా ఉండాలి. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరుతో, తాతగారి పేరే పెట్టుకున్న మనవడితో ఇద్దరు వెంకటేశ్వరరావులు ఒకే ఇంట్లో ఉండటం మామూలే.

భార్యాభర్తలిద్దరికీ తీయాల్సి వస్తే ఒకరి పని పూర్తిగా ముగించండి. తీసి, కలిపి, స్టిక్కరు అంటించి, రాక్‌లో పెట్టాకే రెండోవారి చేయి పట్టుకోండి. స్టిక్కర్లు ముందే అంటించి వరసగా పేర్చుకోవడం పని తొందరగా అవుతున్నట్టు అనిపిస్తుంది కానీ ట్యూబులు తారుమారయ్యేది అక్కడే. అలా మారిన శాంపిల్‌ని ఏ మెషీనూ పట్టుకోలేదు.

సూది తీసే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇంతకుముందు రక్తం ఇస్తూ కళ్లు తిరిగాయా? ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, ఎసిట్రామ్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? రొమ్ము ఆపరేషన్ అయిందా, అయితే ఏ వైపు? డయాలసిస్ చేయించుకుంటున్నారా? రొమ్ము తీసేసిన వైపు చేతికి డాక్టరు ఒప్పుకోనిదే గుచ్చకండి. డయాలసిస్ కోసం ఫిస్టులా (ధమనిని సిరతో కలిపిన చోటు) పెట్టిన చేతికి టార్నికెట్ కూడా కట్టకూడదు. దాని మీద వేళ్లు ఆనిస్తే జుమ్మని అదురు తెలుస్తుంది. ఇంట్లో డ్రిప్ ఎక్కుతున్నవాళ్లకు రెండో చేతికి తీయండి. డ్రిప్ ఎక్కే చేతికి సూదికి పైభాగంలో తీస్తే రక్తంతో పాటు సెలైనో గ్లూకోజో వస్తుంది. అప్పుడు షుగర్ ఆకాశంలోనో, హిమోగ్లోబిన్ పాతాళంలోనో ఉంటుంది.

వాకింగ్ నుంచి అప్పుడే వచ్చినవాళ్లనూ, మెట్లెక్కి వచ్చినవాళ్లనూ కాసేపు కూర్చోబెట్టండి. పదిహేను నిమిషాలైతే మంచిది, ఐదు నిమిషాలకు మాత్రం తగ్గించకండి. నిలబడి ఉన్నంతసేపూ రక్తంలోని నీరు కొంత కండరాల్లోకి దిగి ప్రొటీన్లు, కొలెస్ట్రాల్ చిక్కబడతాయి. చేతులున్న కుర్చీ కావాలి, స్టూలు వద్దు. కళ్లు తిరిగే అలవాటు ఉన్నవాళ్లను మంచం మీద పడుకోబెట్టే తీయండి.

నరం వెతకడం

ఈ పనిలో అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. గుచ్చడం రెండు సెకన్ల పని, ఎక్కడ గుచ్చాలో తేల్చుకోవడానికే టైము పడుతుంది.

టార్నికెట్‌ని మోచేతి మడతకు నాలుగు వేళ్లు పైన, అంటే 7 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో కట్టండి. చర్మం నొక్కుకుపోతుంటే చొక్కా చేతి మీదే కట్టండి. ఒక చివర లాగితే ఊడిపోయేలా ముడి ఉండాలి. కట్టి ఉంచేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో నరం దొరక్కపోతే విప్పి, రెండు నిమిషాలాగి, మళ్లీ కట్టండి. ఎక్కువసేపు కట్టి ఉంచితే నీరు నాళంలోంచి బయటికి పోయి ప్రొటీన్, కాల్షియం, కణాల లెక్క పెరిగినట్టు కనిపిస్తాయి. పిడికిలి బిగించి ఉంచమనండి చాలు. "మూయండి, తెరవండి, మూయండి" అని పదిసార్లు చేయించడం చాలామందికి అలవాటు. దాన్ని వదిలేయండి. కండరం పనిచేసిన కొద్దీ పొటాషియం వదులుతుంది, అలా చేయించిన చేతిలో అది లీటరుకు 1 మిల్లీమోల్ పైగా పెరగొచ్చు. కిడ్నీ పేషెంటుకు అంత తేడా అంటే అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగే.

కంటితో కాదు, వేలితో వెతకండి. నల్లని చర్మం కింద, లావైన చేతుల్లో నరం కనబడదు, తగులుతుంది. చూపుడు వేలి కొనతో నొక్కి వదిలితే మంచి నరం మెత్తగా దిగి పైకి లేస్తుంది. గట్టిగా తీగలా తగిలితే అది కండర బంధనం. కొట్టుకుంటుంటే ధమని, దాని జోలికి వెళ్లకండి. బొటనవేలితో వెతకకండి, దానిలో కొట్టుకునే నాడే మీకు తగులుతుంది.

మోచేతి మడత మధ్యలో అడ్డంగా పోయే మీడియన్ క్యూబిటల్ నరం మొదటి ఎంపిక. అది లావుగా ఉంటుంది, జారదు, నొప్పీ తక్కువ. అది దొరక్కపోతే బొటనవేలి వైపున్న సెఫాలిక్ చూడండి. లావుగా ఉన్నవాళ్లకు చాలాసార్లు దొరికేది ఇదే. చిటికెనవేలి వైపున్న బాసిలిక్ కంటికి ఇంపుగా ఉబ్బి కనబడుతుంది కానీ చివరి ఎంపికే. దాని పక్కనే బ్రాకియల్ ధమని, మీడియన్ నాడి (నెర్వ్) ఉంటాయి. రెండు చేతులూ చూడకుండా దానికి వెళ్లకండి.

ఏదీ దొరక్కపోతే చేతిని మంచం అంచు నుంచి కిందికి వేలాడదీయమనండి. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మూడు నుంచి ఐదు నిమిషాలు చుట్టండి. రెండు గ్లాసుల నీళ్లు తాగించి పావుగంట ఆగండి. చేతిని చరచకండి, నరం పైకి లేవడం మాట అటుంచి, పెద్దవాళ్లకు చర్మం కమిలిపోతుంది. చేతి వెనక భాగంలో బటర్‌ఫ్లైతో తీయొచ్చు. మణికట్టు లోపలి వైపు మాత్రం ఎప్పుడూ గుచ్చొద్దు, అక్కడ నాడులూ ధమనీ మరీ పైపైనే ఉంటాయి. కాలికి డాక్టరు అనుమతి లేకుండా వద్దు, షుగర్ ఉన్నవాళ్లకైతే ఆలోచనే వద్దు.

గుచ్చడం

చేతులు శుభ్రం చేసుకుని గ్లవ్స్ వేసుకోండి. స్పిరిట్ స్వాబుతో ఆ చోటు తుడిచి 30 సెకన్లు ఆరనివ్వండి. ఊదకండి, దూదితో అద్దకండి, తుడిచిన చోటును మళ్లీ వేలితో తడమకండి. తడి ఆరకుండా గుచ్చితే పేషెంటుకు చురుక్కుమంటుంది. పైగా స్పిరిట్ తగిలిన ఎర్రకణాలు పగిలిపోతాయి.

ఎడమ బొటనవేలితో నరానికి రెండు మూడు సెంటీమీటర్ల కింద చర్మాన్ని కిందికి లాగి పట్టండి. ముసలివాళ్లకు నరం పక్కకు జారకుండా ఆపేది ఈ పట్టే. పైన ఒక వేలు, కింద ఒక వేలు పెట్టి చర్మం సాగదీయకండి, పేషెంటు ఉలిక్కిపడితే సూది మీ పై వేలికే దిగుతుంది. సూది నోరు పైకి ఉండాలి. కోణం 15 నుంచి 30 డిగ్రీలు, నరం పైనే ఉంటే ఇంకాస్త వాలుగా. "చిన్నగా గుచ్చుతున్నానండీ, కదలకండి" అని చెప్పి ఒకే ఊపులో, తొందర లేకుండా దించండి. నరంలోకి దిగగానే అడ్డు తొలగినట్టు తెలుస్తుంది. అక్కడే ఆపి హోల్డర్‌ని చేతికి ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో ట్యూబు లోపలికి నొక్కండి. రక్తం రాగానే టార్నికెట్ విప్పేయండి, పిడికిలి వదలమనండి.

ట్యూబుల వరస ఇదీ, పక్కనే ఎన్నిసార్లు తలకిందులు చేయాలో కూడా:

1. బ్లడ్ కల్చర్ సీసాలు (రక్తంలో క్రిములున్నాయేమో చూసేవి) ఉంటే అవే ముందు.
2. లేత నీలం, సిట్రేట్ ట్యూబు: 3–4 సార్లు.
3. ఎరుపు లేదా జెల్ ఉన్న పసుపు, సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కోసం: 5 సార్లు.
4. ఆకుపచ్చ, హెపారిన్: 8 సార్లు.
5. పర్పుల్, ఈడీటీఏ: 8–10 సార్లు.
6. గ్రే, ఫ్లోరైడ్: 8–10 సార్లు.

ఒకసారి అంటే ట్యూబును నిదానంగా పూర్తిగా బోర్లించి మళ్లీ నిలబెట్టడం. గిలకొట్టకండి.

మామూలు ఫుల్ బాడీ చెకప్‌కి పసుపు, పర్పుల్, గ్రే మూడు ట్యూబులు ఉంటాయి. పొరపాటున పర్పుల్ ముందు తీశారనుకోండి. అందులో ఉన్నది పొటాషియం ఈడీటీఏ. దాని చుక్కంత సూది వెనక అంటుకుని పసుపు ట్యూబులోకి పోయినా పొటాషియం పెరుగుతుంది, ఈడీటీఏ కాల్షియంని పట్టేసుకుంటుంది కాబట్టి కాల్షియం తగ్గుతుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పడిపోతుంది. ఈ మూడూ ఒకేసారి తేడాగా వస్తే అనుభవం ఉన్న ల్యాబువాళ్లు వెంటనే పట్టేస్తారు. పసుపు ట్యూబులో రక్తం తక్కువైందని పర్పుల్‌లోంచి కాస్త వొంపడం ఇంతకన్నా ఘోరం. ఏ రంగు ట్యూబులోంచీ ఇంకో రంగులోకి ఎన్నడూ పోయకండి.

నీలం ట్యూబులో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ ఉండాలి. 2.7 మి.లీ. ట్యూబు గీతదాకా నిండకపోతే సిట్రేట్ ఎక్కువై పీటీ ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్ష) పెరిగినట్టు వస్తుంది. డాక్టరు ఆ రిపోర్టు చూసి ఎసిట్రామ్ మోతాదు తగ్గిస్తే, కృత్రిమ వాల్వు ఉన్న పేషెంటుకు గుండెలో గడ్డకట్టే ముప్పు. బటర్‌ఫ్లైతో తీస్తూ నీలం ట్యూబే మొదటిదైతే, గొట్టంలోని గాలి ఆ ట్యూబులోకి పోయి రక్తం తక్కువ పడుతుంది. అందుకే ముందు ఇంకో నీలం ట్యూబు పెట్టి గొట్టం నిండేంతవరకు తీసి దాన్ని పారేయండి.

వాక్యూమ్ తీసినంత రక్తాన్ని తీయనివ్వండి, ట్యూబు దానంతటదే ఆగుతుంది. చివరి ట్యూబు బయటికి లాగాకే సూది తీయాలి. టార్నికెట్ అప్పటికే విప్పి ఉండాలి, లేకపోతే సూది తీయగానే రక్తం చర్మం కిందికి చిమ్మి ఉబ్బుతుంది. గాజుగుడ్డ ఆనించి, సూది తీసి, అప్పుడు నొక్కండి. సూది లోపల ఉండగా నొక్కకండి. మోచేయి మడిచి పెట్టుకోవడం మన దగ్గర అందరికీ అలవాటే కానీ, మడిస్తే కమలడం ఎక్కువవుతుంది. చేయి చాచి రెండు మూడు నిమిషాలు నొక్కిపట్టమనండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు ఐదు నిమిషాలు లేదా పైనే. రక్తం ఆగిందని చూసుకున్నాకే టేపు వేయండి.

సిరంజితో తీయాల్సి వస్తే

చిన్న ల్యాబుల్లో ఇంకా సిరంజే వాడతారు. సన్నని నరాలకు అది ఉపయోగమే, లాగే వేగం మీ చేతిలో ఉంటుంది. ప్లంజర్‌ని మెల్లగా లాగండి. 10 మి.లీ. సిరంజిని గట్టిగా లాగితే నరం గోడలు అతుక్కుపోయి రక్తం ఆగుతుంది, వచ్చిన రక్తమూ పగిలిపోయి ఉంటుంది. అలా పగిలిన రక్తంలో పొటాషియం, ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అనే ఎంజైములు పెరుగుతాయి. సీరం గులాబీ రంగులో కనిపిస్తే ల్యాబు రిజెక్ట్ చేస్తుంది.

తీశాక సూదితో ట్యూబు మూత గుచ్చి ప్లంజర్ తొయ్యకండి. సిరంజికి తగిలించే ట్రాన్స్‌ఫర్ డివైస్ ఉంటే అది వాడండి. లేకపోతే తెల్ల డబ్బా మూతకున్న గాడిలో సూదిని పట్టించి ఊడదీసి, ట్యూబు మూత తెరిచి, గోడ వెంట మెల్లగా జార్చండి. వరస మాత్రం అదే. ఆలస్యం వద్దు, సిరంజిలోనే గడ్డకట్టడం మొదలవుతుంది.

ప్లేట్‌లెట్ల సంగతి

వానాకాలం మొదలైతే డెంగ్యూ భయంతో సీబీపీ (రక్తకణాల లెక్క) బుకింగులు ఒక్కసారిగా పెరుగుతాయి. ఈ సీజనులో పర్పుల్ ట్యూబు మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. నరం సరిగా దొరక్క రక్తం చుక్కచుక్కగా వచ్చినా, ట్యూబు నిండాక కలపకుండా పక్కన పెట్టి గాజుగుడ్డ వెతుక్కున్నా, అడుగున మినపగింజంత గడ్డ చేరుతుంది. అందులో చాలా ప్లేట్‌లెట్లు చిక్కుకుంటాయి. మిగిలినవే మెషీన్ లెక్కపెట్టి 40 వేలని చూపిస్తుంది. ఆ రాత్రి ఆ ఇంట్లోవాళ్లు ప్లేట్‌లెట్ దాతల కోసం వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతారు. కాబట్టి ట్యూబు హోల్డర్‌లోంచి బయటికి రాగానే, ఇంకో ట్యూబు నిండుతుండగానే, ఆ చేత్తోనే తలకిందులు చేయడం మొదలుపెట్టండి. రక్తం నెమ్మదిగా వచ్చిందనిపిస్తే ఆ మాట ఫారం మీద రాయండి, ల్యాబువాళ్లు స్లైడు తీసి చూస్తారు.

రక్తం రాకపోతే, ఇంకేదైనా జరిగితే

సూది దిగింది, రక్తం రాలేదు. ముందు ట్యూబు మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే సూదిని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి, లేకపోతే వెనక్కి జరపండి. పక్కలకు తిప్పుతూ లోపల వెతకొద్దు, నాడికి గాయమయ్యేది అలాగే. చర్మం ఉబ్బుతుంటే టార్నికెట్ విప్పి, సూది తీసి, నొక్కండి. ఒకరు రెండుసార్లకు మించి గుచ్చకూడదు. "నరం దొరకడం లేదండీ, మా సీనియర్‌ని పంపిస్తాం" అని మర్యాదగా చెప్పేయండి. పేషెంటు మనసులో మీ మీద గౌరవం పోయేది మూడోసారి గుచ్చినప్పుడే.

మోచేయి నుంచి వేళ్లదాకా షాకు కొట్టినట్టుందని పేషెంటు అంటే సూది నాడికి తగిలింది. వెంటనే తీసేయండి, ఇంకో చేతికి వెళ్లండి, ఫారంలో రాయండి. రక్తం ఎర్రగా, కొట్టుకుంటూ వస్తే ధమనికి తగిలినట్టు. సూది తీసి గట్టిగా ఐదు నుంచి పది నిమిషాలు మీరే నొక్కండి, ఇంట్లోవాళ్లకు అప్పగించకండి.

ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, మాట తగ్గిందంటే కళ్లు తిరగబోతున్నాయి. టార్నికెట్ విప్పి, సూది తీసి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. బట్టలు వదులు చేయండి. పూర్తిగా తెలివి రాకుండా నీళ్లు పోయకండి. లేచాక కూడా పదిహేను నిమిషాలు ఒంటరిగా వదలకండి, బాత్రూముకు వెళ్తామంటే తోడు పంపండి. ఐదు నిమిషాలైనా తేరుకోకపోతే 108కి ఫోన్ చేయండి.

పసిపిల్లలకు ఇంట్లో తీయడానికి కొత్తవాళ్లు ఒప్పుకోకండి. 3 కిలోల బిడ్డలో మొత్తం రక్తం పావు లీటరుకు అటూఇటూగానే ఉంటుంది, మనం తీసే ప్రతి మి.లీ. లెక్కే. మడమకు గుచ్చాల్సి వస్తే రెండు పక్కల అంచులకే గుచ్చాలి. మడమ వెనక్కి, మధ్యకి వద్దు, 2 మి.మీ. కన్నా లోతు వద్దు. మొదటి చుక్క తుడిచేయండి, పిండి పిండి తీయకండి.

తీశాక

అక్కడే, పేషెంటు ముందే స్టిక్కరు అంటించండి. పేరు, నంబరు, తేదీ, తీసిన సమయం, మీ సంతకం ఉండాలి. బార్‌కోడ్ నిలువుగా, ముడతలు లేకుండా, రక్తం మట్టం కనబడేలా అంటించండి. ఫాస్టింగు ఎన్ని గంటలో కూడా రాయండి.

పసుపు ట్యూబును నిలబెట్టి 30 నిమిషాలు గడ్డకట్టనివ్వండి. సెంట్రిఫ్యూజ్ చేయని (మెషీన్‌లో గిర్రున తిప్పి కణాలను వేరుచేయని) పసుపు ట్యూబును ఐస్‌కి ఆనించి పెట్టకండి. చలికి కణాలు పొటాషియంని లోపల పట్టి ఉంచలేవు, అది సీరంలోకి కారిపోతుంది. ఇందులో మోసం ఏమిటంటే సీరం రంగు మారదు, ఎవరికీ అనుమానం రాదు. బయట 42 డిగ్రీలుంటే శాంపిల్ కాపాడుకోవాలి కాబట్టి, జెల్ ప్యాకుకి గుడ్డ చుట్టి, ట్యూబులకు తగలకుండా పెట్టెలో పెట్టండి. సీరం ట్యూబు రెండు గంటల్లో సెంట్రిఫ్యూజ్ చేరేలా మీ దారి వేసుకోండి. దూరం ఇళ్లు ముందు, ల్యాబుకి దగ్గర ఇళ్లు చివర.

షుగర్‌కి గ్రే ట్యూబే ఎందుకంటే, మామూలు ట్యూబులో కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. ఫ్లోరైడ్ కూడా దాన్ని వెంటనే ఆపదు, పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగా పడుతుంది. పీటీ శాంపిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గడ్డకట్టే సమయం చూసే ఇంకో పరీక్ష ఏపీటీటీ ఉంటే నాలుగు గంటల్లో పరీక్ష అయిపోవాలి. బైలిరుబిన్ ఉన్న ట్యూబుకి ఫాయిల్ చుట్టండి, వెలుగు తగిలితే అది తగ్గుతుంది. అమ్మోనియా, లాక్టేట్ లాంటివి ఇంటి దగ్గర తీయడానికి ఒప్పుకునే ముందు ల్యాబుని అడగండి, ఎక్కువసార్లు పేషెంటునే రమ్మంటారు. ట్యూబులు రాక్‌లో నిలువుగా ఉండాలి, స్పీడ్‌బ్రేకర్ల దగ్గర బండి నెమ్మదించండి.

చెత్త, సూది పోటు

వాడిన సూదికి మూత పెట్టకండి. మీకు గుచ్చుకునేది ఎక్కువగా అప్పుడే. నేరుగా తెల్లని గట్టి డబ్బాలోకి వేయండి, ముప్పావు నిండగానే డబ్బా మార్చండి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన గాజుగుడ్డ, దూది పసుపు కవరులోకి, సూది తీసిన సిరంజి, గ్లవ్స్ ఎర్ర కవరులోకి వెళ్లాలి. పేషెంటు ఇంటి చెత్తబుట్టలో ఏదీ వదలకండి. తెల్లారి అది చేత్తో ఏరేది మున్సిపాలిటీ కార్మికులు.

రక్తం నేల మీద పడితే టిష్యూ కప్పి, 1 శాతం హైపోక్లోరైట్ పోసి, ఇరవై నిమిషాలాగి తుడవండి. ద్రావణం ఏరోజుకారోజు కలుపుకోండి, నిలవ ఉంటే బలం పోతుంది.

వాడిన సూది మీకు గుచ్చుకుంటే పారే నీటి కింద సబ్బుతో కడగండి. పిండకండి, వేలు నోట్లో పెట్టుకోకండి, స్పిరిటో బ్లీచో పోయకండి. వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పి దగ్గరున్న పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు, మొదలుపెట్టాక 28 రోజులు వాడాలి. మధ్యాహ్నం షిఫ్టు అయ్యాక చూద్దాంలే అనుకోకండి. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు, ఉద్యోగంలో చేరకముందే మొదలుపెట్టాలి. చివరి డోసు వేయించుకున్న ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష చేయించుకోండి. అది 10కి పైన ఉంటేనే రక్షణ వచ్చినట్టు.

ల్యాబులో ట్యూబులు అప్పగించేటప్పుడు మాటల్లో కూడా చెప్పండి: ఎవరికి నరం కష్టంగా దొరికింది, ఎవరికి డ్రిప్ ఎక్కుతోంది, ఎవరు కాఫీ తాగామని చివర్లో ఒప్పుకున్నారు. శాంపిల్ రిజెక్ట్ అయితే పేషెంటుకు ఆరోజే ఫోన్ చేయండి. "మీ రక్తం గడ్డకట్టింది" అంటే అవతలివాళ్లు గుండె జబ్బనుకుని హడలిపోతారు. "ట్యూబులో శాంపిల్ సరిగా రాలేదండీ, మీకేమీ సమస్య కాదు, రేపు ఉదయం వచ్చి ఒక్క ట్యూబు మళ్లీ తీసుకుంటాం, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు" అని చెప్పి, టైము అక్కడికక్కడే ఖాయం చేసుకోండి.